రూత్ కాంగస్ పట్టిన పట్టు

సుపీరియర్ సరస్సు ఒడ్డున, రాగి గనులు మూతపడ్డాక కూడా ఊరు వదలని మొండివాళ్ల జిల్లా అది, అక్కడివాళ్ల మాటలో కౌంటీ. అక్కడి కోర్టు భవనంలో మెట్లు దిగి, బాయిలర్ గది దాటి వెళ్తే ఎడమచేతి వైపు చివరి తలుపు రూత్ కాంగస్‌ది. ఆ తలుపు మీద ఆమె తన చేత్తోనే లావుపాటి అక్షరాలతో రాసి పెట్టింది: "మాజీ సైనికుల ఆఫీసు. ఇక్కడ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోము. కాఫీ కూడా మాదే."

ఆమె ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నెలలో లోపలికొచ్చిన ప్రతి మగవాడూ ఆమె భుజం మీదుగా వెనక్కి చూసేవాడు.

"ఆఫీసరు గారు లేరా అమ్మా?"

"ఆఫీసరు గారు కాఫీ కలుపుతున్నారు. కూర్చోండి" అనేది రూత్, తల తిప్పకుండానే.

పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరి, జర్మనీలో నాలుగేళ్లు ట్రక్కులు నడిపిన మనిషి ఆమె. భారీ విగ్రహం, అంతకు మించిన గొంతు. తిరిగొచ్చాక బడి వంటశాలలో ముప్ఫై ఏళ్లు గరిటె తిప్పింది. పిల్లలకు పెట్టే ఉడికిన బఠాణీల మధ్యే ముసలిదయ్యేదేమో గానీ, భర్త తరఫు పెదనాన్న వైనో విషయంలో ఆమెకు కడుపు మండింది. ఫిరంగుల పక్కన పనిచేసి చెవులు పోగొట్టుకున్న వైనోకు పరిహారం వచ్చింది. అయితే కాగితాలు నింపిపెట్టిన ఏదో కంపెనీ అందులో నెలల తరబడి వాటా పుచ్చుకుంది. అదే పని కౌంటీ ఆఫీసులో ఊరికే చేసిపెడతారని వైనోకు చెప్పిన నాథుడు లేడు. ఆరా తీస్తే ఆ ఆఫీసుకు అప్పట్లో మనిషే లేడని తేలింది. పాత ఆఫీసరు పదవీ విరమణ చేసి ఏడాదిన్నర అయింది, కుర్చీ ఖాళీగా పడి ఉంది.

"ఎవరో ఒకరు కూర్చోవాలి కదా" అంది రూత్ ఇంట్లో.

"బఠాణీలు ఎవరు వండుతారు?" అన్నాడు ఆమె భర్త ఐనో.

"బఠాణీలు ఎవరైనా వండుతారు" అని, ఏభై రెండో ఏట చట్టం పుస్తకాలు ముందేసుకుంది. శిక్షణకు వెళ్లింది, పరీక్ష రాసింది, మాజీ సైనికుల తరఫున వాదించే గుర్తింపు కార్డు మెడలో వేసుకుని వచ్చింది. ఇదంతా జరిగి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో ఆమె గది నుంచి ఎవరైనా ఉత్త చేతులతో వెళ్లారంటే, వాళ్లకు రావలసింది చట్టంలో నిజంగా లేదనే అర్థం. అలాంటప్పుడు కూడా ఒక పట్టాన ఒప్పుకునేది కాదు.

రోలండ్ బోషేన్ సంగతి ఆమె చెవిన పడింది ఒక జనవరి ఉదయం. రోడ్ల మీద మంచు తోసే బండి నడిపే గారీ తెర్వో, కాఫీ కోసం దిగి వచ్చి, టోపీ కూడా తియ్యకుండా మొదలుపెట్టాడు.

"ఆటర్ చెరువు దగ్గర హెండ్రిక్సన్ వాళ్ల వేటగుడిసె ఉంది చూడు, దాంట్లోంచి పొగ లేస్తోంది."

"వేటకాలం అయిపోయి రెండు నెలలైంది కదా?"

"అదే చెప్తున్నా. రోలండ్ బోషేన్ ఉంటున్నాడందులో. డెబ్బై అయిదేళ్లు. ఒకప్పుడు వైమానిక దళంలో మెకానిక్. నీళ్లు లేవు, కరెంటు లేదు."

"నాకెందుకు చెప్పలేదయ్యా ఇన్నాళ్లూ?"

"ఇప్పుడే కదా తెలిసింది! అయినా నువ్వెళ్లి ఏం లాభం? తలుపు తియ్యడు. ఆయన దారి మీద మంచు తోసేవాణ్ణి నేను, నాకే తియ్యలేదు."

"నీకు తియ్యడు. నీ దగ్గర పాస్టీలుండవు" అంది రూత్.

మర్నాడు శనివారం. మాంసం, ఆలుగడ్డ, రుటబాగా దుంప ముక్కలు పిండి రొట్టెల్లో కూరి నాలుగు పాస్టీలు కాల్చింది. వాటిని దుప్పట్లో చుట్టుకుని ట్రక్కులో బయలుదేరింది. ఆఖరి అరమైలు ట్రక్కు పోలేదు. మోకాటి లోతు మంచులో నడిచి తలుపు కొట్టేసరికి ఆమెకు రొప్పు వచ్చేసింది.

"ఎవరది?" లోపలి నుంచి గొంతు.

"రూత్ కాంగస్. కౌంటీ ఆఫీసు నుంచి."

"పన్ను కట్టడానికి నాకు ఆస్తి లేదు. పో."

"పన్ను కోసం రాలేదు. మాజీ సైనికుల ఆఫీసు మాది."

అడుగులు తలుపు దాకా వచ్చాయి. తర్వాత ప్రశ్న వచ్చింది. "ఏ సైనికుడి భార్యవి?"

"ఎవరి భార్యగానూ రాలేదు. నేనే సైనికురాల్ని. జర్మనీలో అయిదు టన్నుల ట్రక్కు నడిపా. అది ఎక్కడం కంటే మీ గుమ్మం ఎక్కడం కష్టంగా ఉంది. చేతిలో పాస్టీలు చల్లారిపోతున్నాయి. తిట్టేదేదో తలుపు తీసి తిట్టండి."

గడియ తీసిన చప్పుడు. గడ్డం పెరిగిన పొడుగాటి మనిషి, రెండు కోట్లు ఒకదానిమీద ఒకటి వేసుకుని నిలబడ్డాడు.

"రుటబాగా వేశావా?"

"వెయ్యకపోతే దాన్ని పాస్టీ అంటారా?"

"రా లోపలికి. తలుపు వెయ్యి, వేడి పోతుంది."

గుడిసె ఎంత శుభ్రంగా ఉందంటే రూత్ తన బూట్లు చూసుకుని సిగ్గుపడింది. కట్టెలు పొడవు ప్రకారం పేర్చి ఉన్నాయి. మంచు కరిగించిన నీళ్లు మూతపెట్టిన బకెట్లలో ఉన్నాయి. రోలండ్ పొయ్యి మీది కెటిల్ దించి ఆమెకు నిండుగా కాఫీ పోశాడు. తన కప్పులో మాత్రం సగమే పోసుకున్నాడు. ఎందుకో ఆమెకు వెంటనే తెలియలేదు. ఆయన కప్పు ఎత్తినప్పుడు తెలిసింది. ఆ కుడిచెయ్యి గాలికి ఊగే ఆకులా ఆడుతోంది. సగం కాబట్టి ఒలకలేదు. ఆమె చూసిందని గ్రహించి ఆయన చెయ్యి బల్ల కింద పెట్టేశాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది రూత్.

"ఎన్నాళ్ల నుంచి ఏంటి? గుడిసెలోనా? అక్టోబర్ నుంచి" అన్నాడు ఆయన, ప్రశ్నను పక్కకు తోసేస్తూ.

ఇరవై ఆరేళ్లు ఒకే ఇంట్లో అద్దెకున్నాడట. ఇంటి యజమాని పోయాడు. ఆయన పిల్లలు ఎక్కడో దూరాన ఉంటారు, వేసవి విహారానికి వచ్చేవాళ్లకు ఇల్లు ఇచ్చుకుంటామని చెప్పి ఖాళీ చేయించారు. భార్య కోలెట్ పోయి ఎనిమిదేళ్లు. పిల్లల్లేరు. హెండ్రిక్సన్ వసంతం దాకా ఉండమన్నాడు.

"మరి మాజీ సైనికుడిగా మీకు రావలసినవి ఎప్పుడైనా అడిగారా?"

ఆ ప్రశ్నకు ఆయన లేచి అలమర దగ్గరికి వెళ్లాడు. మడతలు అరిగిపోయిన రెండు ప్రభుత్వ ఉత్తరాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "రెండుసార్లు అడిగా, మొదటిసారి పదమూడేళ్ల కిందట. ఆ వాక్యం చదువు. గీత గీసి పెట్టాను."

రూత్ చదివింది. ఆయన థాయిలాండ్‌లో పనిచేసినట్టు రికార్డుల్లో ఆధారం దొరకలేదని ఉంది.

"నా స్థావరం ఒకినావా దీవి. ఆ కాగితం ఒకటే కనపడింది వాళ్లకి. యుద్ధం రోజుల్లో మమ్మల్ని విమానాలతో పాటు పదకొండు వారాలు థాయిలాండ్ పంపారు, ఉతాపావ్‌కి. ఆ ఎర్రమట్టి నా చెవుల్లోకి కూడా పోయింది. చుట్టూ కలుపు మొక్క మొలవకుండా మందు కొట్టేవాళ్లు, ఆ వాసన ఇప్పటికీ తెలుసు నాకు. ఇప్పుడు నేను అక్కడ లేనంటారా? నేనేమన్నా అబద్ధాలకోరునా?"

"ఆధారం దొరకలేదన్నారు గానీ, అబద్ధం అనలేదు రోలండ్."

"నీకు ఆ రెండూ వేరుగా వినపడుతున్నాయా? నాకు ఒకటే."

రూత్ ఆయనకు నిదానంగా చెప్పింది: చట్టం మారింది. అప్పట్లో థాయిలాండ్ స్థావరాల్లో పనిచేసిన వాళ్లకు ఈ వణుకుడు జబ్బు వస్తే, అది ఆ మందు వల్లనే అని ఇప్పుడు ఒప్పుకుంటారు. అక్కడ ఉన్నట్టు చూపిస్తే చాలు.

"నాకు అక్కర్లేదు. నాకన్నా అవసరమున్న కుర్రాళ్లున్నారు, కాళ్లూ చేతులూ పోయినవాళ్లు. వాళ్లకివ్వండి."

"ఇది ఒకే రొట్టె కాదయ్యా, మీరో ముక్క తింటే వాళ్లకు తగ్గిపోవడానికి."

"అక్కర్లేదన్నాను కదమ్మా."

రూత్ కోటు గుండీలు పెట్టుకుంది. ఇలాంటి వాళ్లను ఆమె పదకొండేళ్లుగా చూస్తోంది. డబ్బు మాట ఎత్తితే తలుపు వేసుకుంటారు, జాలి మాట ఎత్తితే గడియ కూడా పెట్టుకుంటారు. గుమ్మం దగ్గర ఆగి, ఇంకో మాట అంది.

"ఆ వాక్యం వాళ్ల చేతే వెనక్కి తీయిస్తే?"

"ఏ వాక్యం?"

"మీరు గీత గీసింది."

ఆయన పొయ్యిలో ఇంకో కట్టె వేశాడు. "ఎలా తీయిస్తావ్?"

"మీతో పాటు అక్కడికి వెళ్లినవాళ్లు ఎవరైనా గుర్తున్నారా?"

"డీకన్ ఉండేవాడు. నల్లవాడు, జార్జియా నుంచి. తెల్లారకముందే రెక్క మీదెక్కి బోల్టులు బిగిస్తూ చర్చి పాటలు పాడేవాడు. వాళ్ల నాన్న పల్లీ మిల్లులో పనిచేసేవాడు."

"అసలు పేరు?"

"అందరం డీకన్ అనేవాళ్లం. చొక్కా మీద పేరుండేది. చదివిన గుర్తు లేదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం మొదటిసారి చిన్నబోయింది.

తన తరఫున వ్యవహరించడానికి అనుమతిస్తూ ఆయన ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకానికి చాలాసేపు పట్టింది. అది పూర్తయ్యేదాకా రూత్ కిటికీ దగ్గర నిలబడి బయటి పైన్ చెట్లను లెక్కపెట్టింది.

సోమవారం నుంచి ఫోను పట్టుకుంది. జార్జియా దక్షిణాన తనలాంటి ఆఫీసులు ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా రాసుకుని ఒక్కొక్కటే మొదలుపెట్టింది.

"పల్లీ మిల్లున్న ఊరు కావాలండీ."

"మేడమ్, మిల్లు లేని ఊరు అడగండి, తొందరగా తెమిలిపోతుంది" అన్నాడు ఒకాయన.

"సైన్యంలో డీకన్ అని పిలిచేవాళ్లండీ ఆయన్ని."

"మా దగ్గర రాయి విసిరితే డీకన్‌కే తగులుతుంది మేడమ్!"

అలా రెండు వారాలు గడిచాయి. పద్నాలుగో ఫోను ఎత్తినావిడ పేరు ఒడెస్సా ప్రూయిట్. రూత్ చెప్పిందంతా అడ్డురాకుండా వింది.

"పాడేవాడన్నారు. ఎలా పాడేవాడట?"

"విమానం ఇంజను ఆపితే బాగుండు అనిపించేలా పాడేవాడట."

"అయితే లెమ్యుయెల్ గెయిన్స్ గారే. మా చర్చిలో నిజంగానే డీకన్ ఇప్పుడాయన. వైమానిక దళంలో చేశానని ఓసారి ఎవరితోనో అంటుంటే విన్నా. నా ఆఫీసు గడప మాత్రం ఏనాడూ తొక్కలేదు."

"ఎందుకని?"

"ఎందుకేంటండీ, మీ రోలండ్ ఎందుకు తొక్కలేదో అందుకే." ఇద్దరూ ఒకేసారి నవ్వారు. "ఆదివారం పట్టుకుంటా. పాట మధ్యలో పారిపోలేరు కదా."

సోమవారం పొద్దున్నే ఒడెస్సా ఆఫీసు నుంచి ఫోను మోగింది. అవతల గొంతు గంభీరంగా, తీరిగ్గా ఉంది.

"మేడమ్, నేను లెమ్యుయెల్ గెయిన్స్‌ని. బోషేన్ గురించి అడిగారట. ఆ ఫ్రెంచి పేరోడు బతికే ఉన్నాడా?"

"బతికే ఉన్నారు సార్. మీరు పాడిన పాటలు కూడా గుర్తున్నాయి ఆయనకి."

"నా పాటలు కాదు, నా రెంచి గుర్తుందేమో అడగండి. తీసుకుని ఇవ్వలేదు." కాసేపు నవ్వి, గొంతు సర్దుకున్నాడు. "ఏం కావాలి మేడమ్ వాడికి?"

"ఆయన థాయిలాండ్ వెళ్లారని ఎవరూ నమ్మడం లేదు సార్. ఆయన్ని అక్కడ చూశానని మీరు ఒక ఉత్తరం రాసి సంతకం పెడితే..."

"ఉత్తరం దేనికి? ఉత్తర్వే ఉంది."

రూత్ పెన్ను కింద పెట్టేసింది. "ఏమన్నారు?"

"మమ్మల్ని పంపిన ఉత్తర్వు. తొమ్మిది మందికీ కలిపి ఒకే కాగితం ఇచ్చారు, ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ. నాది మా ఆవిడ ట్రంకు పెట్టెలో ఉంది. ఆవిడ పెళ్లి గౌను, మా పెద్దాడి బడి మార్కులు, ఆ కాగితం. పారెయ్యడం అనే మాట తెలీదు ఆవిడకి, దేవుడు చల్లగా చూడాలి."

మర్నాడు మధ్యాహ్నం ఆ కాగితం నకలు రూత్ ఫ్యాక్స్ యంత్రంలోంచి మెల్లగా, గీత గీతగా బయటికొచ్చింది. పైన తేదీ, కింద ఒకినావా నుంచి ఉతాపావ్‌కు అని ఉంది, ఆ కింద తొమ్మిది పేర్లు. అయిదోది బోషేన్, రోలండ్ ఎ. పక్కనే ఆయన సర్వీసు నంబరు. రూత్ ఆ నంబరును తన దగ్గరున్న కాగితంతో ఒక్కో అంకె చూపుడువేలితో పట్టి సరిపోల్చింది. ఆఖరి అంకె కూడా కలిసేసరికి ఆమె వేసిన కేకకు పక్కగదిలోంచి బాయిలర్ మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? కాలిందా?"

"కాలలేదు. దొరికింది!"

వెంటనే జార్జియాకు ఫోను చేసింది. కృతజ్ఞతలు చెప్పి ఊరుకోలేదు. "సార్, మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

"ఏముంది మేడమ్, వయసు. చక్కెర జబ్బు, గుండెకు రెండు గొట్టాలు వేశారు."

"మీ పేరు కూడా ఆ కాగితం మీద ఉంది కదా? మూడోది మీదే."

అవతల కాగితం తిప్పిన చప్పుడు వినపడింది.

"మిస్ ఒడెస్సా పక్కనే ఉన్నారా? ఆవిడ ముందు ఖాళీ కుర్చీ ఉందా?"

"ఉంది."

"దయచేసి అందులో కూర్చోండి సార్."

ఒడెస్సా నవ్వు ఫోనులోంచి వినపడింది. "థాంక్యూ మేడమ్! తొమ్మిదేళ్లుగా చర్చిలో పిలుస్తున్నా వచ్చి కూర్చోలేదు ఈయన."

ఆటర్ చెరువు దగ్గర ఫోను పనిచెయ్యదు. రూత్ రోలండ్‌ను ట్రక్కెక్కించి ఆఫీసుకు తెచ్చింది, ఎందుకో చెప్పలేదు. ముందు కాగితం చేతికిచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కదలకుండా ఉండడానికి బల్లకు ఆనించి, పేర్లన్నీ పెదాలు కదుపుతూ చదివాడు.

"గెయిన్స్" అన్నాడు మెల్లగా. "వాడి పేరు గెయిన్స్."

అప్పుడు ఫోను అందించింది.

"ఒరేయ్ ఫ్రెంచీ!" అన్న అరుపు గదంతా వినపడింది.

"ఒరేయ్ డీకన్..." రోలండ్ ఫోనును రెండో చేత్తో కూడా పట్టుకున్నాడు. అవతలివాడే మాట అందుకున్నాడు.

"నా రెంచి ఏదిరా?"

"నీ రెంచి ఎవడిక్కావాలి? అది ఎప్పుడూ జారేది."

"జారేది రెంచి కాదు, నీ చెయ్యి."

"ఇప్పుడు నిజంగానే జారుతోందిరా" అన్నాడు రోలండ్. మొదటిసారి ఆయన ఆ సంగతి తన నోటితో, ఇంకొక మనిషితో చెప్పడం. రూత్ కాఫీ కప్పులు కడగాలన్న మిషతో బయటికి వెళ్లిపోయింది. నలభై నిమిషాలు కడిగింది.

దరఖాస్తు వెళ్లింది. జవాబు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఫిబ్రవరి ముంచుకొచ్చింది. చెరువు మీద మంచు పగిలే చప్పుడు తుపాకులు పేలినట్టుండే చలి. రోలండ్ మంచం కింద నీళ్ల బకెట్టు కూడా గడ్డకట్టిందని గారీ చెప్పాడు. ఇల్లు లేని మాజీ సైనికులకు అద్దెలో ఎక్కువ భాగం ప్రభుత్వమే కట్టే పథకం ఒకటుంది. దానికి రోలండ్ పేరు రాయించడం రూత్‌కు రెండు రోజుల పని. ఇల్లు ఇచ్చేవాళ్లను వెతకడం మాత్రం అంత తేలిక కాలేదు. ఒకరు కాగితాల గొడవ మాకొద్దన్నారు. ఇంకొకరు వేసవికి బంధువులొస్తారన్నారు. మూడో ఆయన, ఆ ముసలాయన ఇంట్లో పోతే ఎవరు చూస్తారని అడిగాడు.

"అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోయేవాళ్లమే. అంతవరకు వెచ్చగా ఉండాలి కదా" అని ఫోను పెట్టేసింది రూత్.

చివరికి మూతబడ్డ చెప్పుల దుకాణం మీది రెండు గదులున్న జీనా బెర్తోల్డి దగ్గరికి వెళ్లింది. జీనాకు ఎనభై ఒక్కటి, నోరు పదును.

"తాగుతాడా?"

"కాఫీ."

"మెట్ల మీద మంచు ఎత్తుతాడా?"

"ఎత్తలేడు. చేతులు వణుకుతాయి."

"మరి దేనికి పనికొస్తాడు?"

"మీరే అడగండి ఆయన్నే" అంది రూత్, ధైర్యం చేసి.

రోలండ్ గడ్డం గీసుకుని వచ్చాడు. చెంప మీద రెండు చోట్ల తెగింది. టోపీ చేత్తో పట్టుకుని మెట్ల మొదట్లో నిలబడి, జీనా చెప్పేదేదీ వినకుండా తల పక్కకు వంచాడు.

"నేను మాట్లాడుతున్నా" అంది జీనా.

"వినపడుతోందమ్మా. అంతకంటే గట్టిగా మీ బాయిలర్ మాట్లాడుతోంది. ఎన్నాళ్లనుంచి ఈ టకటక?"

"క్రిస్మస్ నుంచి. వచ్చినవాడు కొత్తది కొనాలన్నాడు."

"కొత్తదా? వాడికి చెవుల్లేవా? పంపులో గాలి చేరింది, పక్కన బోల్టు వదులైంది. రూత్, రెంచి పట్టుకో."

సెల్లారులో, దీపం కింద, రోలండ్ చెప్పాడు, రూత్ తిప్పింది. "ఎడమకి. ఎడమ అంటే తెలుసా? ట్రక్కు ఎలా నడిపావమ్మా నువ్వు? ఆ... చాలు. ఇప్పుడు ఆ చిన్న మర అర చుట్టు." బుస్సుమని గాలి పోయింది. కాసిని నీళ్లు రూత్ ముఖం మీద పడ్డాయి. టకటక ఆగిపోయింది. ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం అలుముకుంటే, పైన మెట్ల మీద నిలబడ్డ జీనా తన గోడ గడియారం చప్పుడు రెండు నెలల తర్వాత వింది.

"పైగదిలో కిటికీ సరిగా పడదు" అంది జీనా కిందికి. "అదీ చూస్తావా?"

"చూస్తా. పట్టుకునేవాళ్లుంటే."

"నేను పట్టుకుంటాలే. ఎప్పుడు దిగుతావు?"

హెండ్రిక్సన్ వేటగుడిసె నుంచి సామాను తేవడానికి గారీ మంచు తోసే బండే తెచ్చాడు. ఒక్క దఫాలో అయిపోయింది. ఆ రాత్రి కొళాయి తిప్పి వేడినీళ్లు పారుతుంటే రోలండ్ చాలాసేపు చెయ్యి దాని కింద పెట్టుకుని నిలబడ్డాడట. ఆ సంగతి జీనా మర్నాడు ఫోను చేసి ఫిర్యాదులాగా చెప్పింది, "నీళ్లన్నీ అవగొట్టేశాడు" అని. ఆ గొంతులో ఫిర్యాదేమీ లేదు.

నిర్ణయం జూన్ మొదటివారంలో వచ్చింది. కవరు మందంగా ఉంది. రోలండ్ దాన్ని విప్పకుండా పట్టుకుని ఆఫీసుకు దిగివచ్చి, బల్ల మీద పెట్టి, "నువ్వు చదువు" అన్నాడు.

రూత్ మొదటి పేజీ తిప్పింది. రావలసినవన్నీ మంజూరు చేశారు. ఎంతో చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది తర్వాత. ఆ వాక్యం ఉందా?"

నాలుగో పేజీలో ఉంది. రూత్ కాగితం ఆయన వైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది. మీరు థాయిలాండ్‌లోని ఉతాపావ్ స్థావరంలో పనిచేసినట్టు సమర్పించిన ఉత్తర్వు ద్వారా నిర్ధారణ అయింది.

ఆయన ఒకసారి మనసులో చదువుకున్నాడు. ఇంకోసారి పైకి చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మూడోసారి మళ్లీ పైకి, గనుల ఊళ్లలో చర్చి పాదిరి వాక్యం చదివినట్టు ఒక్కో మాటా నొక్కి చదివాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు. వణుకుతున్న కుడిచెయ్యిని ఈసారి బల్ల కింద దాచుకోలేదు, బల్ల మీదే వదిలేశాడు.

"పదమూడేళ్లు" అన్నాడు. "పదమూడేళ్లు నన్ను నేనే అనుమానించుకున్నాను తెలుసా? నిజంగా వెళ్లానా, లేక ముసలితనంలో కల్పించుకున్నానా అని."

"వెళ్లారు. అయిదో పేరు మీదే."

"కోలెట్ ఉంటే బాగుండేది. ఆవిడ ఎప్పుడూ అనుమానించలేదు."

ఆ నెలలోనే జార్జియా నుంచి కూడా ఫోను వచ్చింది. లెమ్యుయెల్ గెయిన్స్ దరఖాస్తూ నెగ్గింది. ఆ కాగితం మీది మిగతా ఏడుగురిలో ఇద్దరి ఆచూకీ కూడా ఒడెస్సా, రూత్ కలిసి పట్టుకున్నారు. ఒకాయన వేరే రాష్ట్రంలో ఉన్నాడు. ఇంకొకాయన పోయాడు గానీ ఆయన భార్య ఉంది, ఆవిడకూ రావలసింది ఉంది. మిగతా అయిదుగురి కోసం ఇద్దరూ ఇప్పటికీ మంగళవారాలు ఫోన్లు చేస్తూనే ఉంటారు. మధ్యలో పల్లీలు ఉడకబెట్టడం, పాస్టీల పిండి కలపడం గురించి కూడా మాట్లాడుకుంటారనుకోండి.

ఏటా కౌంటీ పెద్దల ముందు రూత్ తన పని నివేదిక చదవాలి. ఆ ఏడు కూడా ఎప్పటిలాగే రెండు పేజీలు చదివింది, ఎవరి పేరూ చెప్పలేదు. చివర్లో ఒక పెద్దమనిషి, "ఇన్ని అర్జీలు నెగ్గడానికి రహస్యమేమిటి?" అని మర్యాదకు అడిగాడు.

రూత్ చేతిలో కాగితాలు మడిచింది. "రహస్యమేం లేదండీ. మనం వాళ్లకు దానం చేస్తున్నామనుకుంటే వాళ్లు రారు. మనం వాళ్లకు బాకీ ఉన్నామని వెళ్లి చెప్పాలి. నేను వెళ్లి చెప్తాను, అంతే." ఆ మాట అన్నందుకు ఆమెకు లోలోపల గర్వమేసింది. బడి వంటశాల నుంచి వచ్చిన మనిషి తాను, ఈ గదిలో ఈ మాట అనగలిగింది.

ఆ చలికాలం మొదట్లో ఒకరోజు మెట్ల మీద ఏదో పెనుగులాట వినపడింది. రోలండ్ ఎవరినో కోటు చెయ్యి పట్టి లాక్కొస్తున్నాడు. ఆవిడ ఊళ్లో బట్టలుతికే దుకాణం నడిపే బెర్నడెట్ సిమొనెన్.

"వదులు రోలండ్! యంత్రంలో దుప్పట్లున్నాయి నాకు!"

"దుప్పట్లు పారిపోవు." ఆయన రూత్ వైపు తిరిగాడు. "నెలరోజులుగా చూస్తున్నా ఈవిణ్ణి. దుప్పటి మూలలు కొలిచినట్టు మడుస్తుంది. ఏ సైన్యంలో నేర్చుకున్నావంటే, నేవీ అంది. ఆరేళ్లట! వెన్నునొప్పితో వంగలేకపోతోంది, ఓడమీద మెట్లమీంచి పడిందట. కాగితాలేమైనా పెట్టావా అంటే ఏమందో తెలుసా?"

"నేనేం యుద్ధం చెయ్యలేదు రూత్" అంది బెర్నడెట్, ముఖం ఎర్రబడి. "నేను మాజీ సైనికురాల్ని కాదు. ఊరికే ఆరేళ్లు పనిచేశాను."

రూత్ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. తర్వాత లేచి, రోలండ్ చేతిలోంచి ఆవిడ కోటు విడిపించి, కుర్చీ లాగింది.

"గౌరవంగా విడుదలైనట్టు కాగితం ఇచ్చారా నీకు?"

"ఇచ్చారు. ఎక్కడో ఉంది."

"అయితే కూర్చో బెర్నడెట్. రోలండ్, మీరు వెళ్లి ఆవిడ దుప్పట్లు చూడండి."

"నేనా? నా చేతులతోనా?"

"మడవక్కర్లేదు. యంత్రం ఆగితే తలుపు తీసి పెట్టండి చాలు."

ఆయన గొణుక్కుంటూ మెట్లెక్కాడు. రూత్ రెండు కప్పుల్లో కాఫీ పోసి, అరలోంచి కొత్త ఫైలు అట్ట తీసి, దాని మీద పెద్ద అక్షరాలతో సిమొనెన్, బెర్నడెట్ అని రాసింది. "ఇప్పుడు చెప్పు" అంది. "ఏ ఓడ?"